వాకాటి బండి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

పసుపు మోటరులకు బాటరీ రెండుండి
నేల తీగ మరువ నిలిచిపోవు
చేత ఫోను పట్టి చెప్పినట్లాడించు
వాని కిసుక యొకటె వైరి సుమ్ము

టీక

పసుపు మోటరులకు = పసుప్పచ్చ ప్లాస్టిక్ డబ్బాలో పళ్లచక్రాలతో సహా వచ్చే బీఓ మోటార్లకు; బాటరీ రెండుండి = 18650 సెల్లులు రెండున్నా; నేల తీగ మరువ = గ్రౌండు వైరు కలపడం మరిస్తే; నిలిచిపోవు = బండి కదలదు; చేత ఫోను పట్టి = బ్లూటూత్ యాప్ తెరిచి; చెప్పినట్లాడించు వానికి = ముందుకు ఎఫ్, వెనక్కి బీ, ఎడమకు ఎల్, కుడికి ఆర్ అక్షరాలు పంపి బండి తోలేవాడికి; ఇసుక యొకటె వైరి = ఇసుక ఒక్కటే శత్రువు.

తాత్పర్యం

గ్రౌండు కలిపితే బండి నడుస్తుంది, ఇసుకలో దిగితే ఆగుతుంది.

విశేషాలు

బ్యాటరీని బాటరీ అనడం, ముందున్న ‘కు’ ఎక్కడ గురువైపోతుందోనన్న భయంతో. షాపులో ఈ భయం అక్కర్లేదు. సెల్లుకు 3.7 వోల్టులు, వరసన కలిపితే 7.4. నడుమ ఎల్298ఎన్ అనే మోటారు డ్రైవరు బోర్డు సుమారు 2 వోల్టులు తానే మింగి వేడెక్కుతుంది. ఒక్క సెల్లుతో సరిపెట్టే లోభికి మోటారు కూనిరాగం వినిపిస్తుంది గాని చక్రం తిప్పదు.

‘నేల తీగ’కు ‘నీలి తీగ’ అని పాఠాంతరం ఉంది. యతి చెడదు గనక కొందరు మెచ్చారు. అగ్రాహ్యం. గ్రౌండుకు నలుపు వాడడం లోకాచారం. (జంపర్ వైర్లలో నలుపు అయిపోతే ఏ రంగైనా గ్రౌండే, అది వేరే సంగతి.) నేల తీగ ఎందుకంటే, బండికి మెదడైన ఆర్డుయినో బోర్డుకు పవర్ బ్యాంకు కరెంటు, మోటార్లకు సెల్లుల కరెంటు. ఆర్డుయినో 5 వోల్టులు పంపినా, ఎక్కడి నుంచి లెక్కపెట్టి 5 అనుకోవాలో డ్రైవరుకు తెలియదు. రెండు గ్రౌండ్లూ కలిస్తేనే లెక్కకు మొదలు దొరుకుతుంది. కలపకపోతే లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి. కొత్తవాడు ప్రోగ్రాంలో తప్పు వెదుకుతూ తెల్లవారుస్తాడు.

‘చెప్పినట్లు’ అతిశయోక్తి. హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూలుకు 1234 అని చెబితే జత కడుతుంది గాని, పది మీటర్లు దాటాక దాని మాట నమ్మరాదు. ‘ఆగు’ అనేలోపు సిగ్నలు తెగిందా, చివర విన్న ‘ఎఫ్’నే పట్టుకుని బండి పోతూనే ఉంటుంది. కాసేపు కబురు రాకుంటే ఆగమని ముందే ప్రోగ్రాంలో రాసుకోవాలి. కవి ఈ మాట దాచాడు.

కవి వాకాడువాడనడానికి నాలుగో పాదమే సాక్ష్యం. ఇంటి గచ్చు మీద గిరగిర తిరిగే బండి దగ్గర్లోని తూపిలిపాళెం బీచిలో తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. చక్రం బిగిసేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, డ్రైవరును తాకితే చెయ్యి కాలుతుంది. తడి ఇసుక కొంత నయం. ఉప్పునీళ్లు ఎగిరిపడితే మాత్రం ఆర్డుయినోకు నువ్వులూ నీళ్లే.

మరి దక్షిణాన శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న వెళ్లిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి దుమ్ములో నడవలేదా అని పూర్వపక్షం. నడిచింది. 26 కిలోల బరువు, ఆరు చక్రాలు, సెకనుకు సెంటీమీటరు నడక. ఆగస్టు 27న 3 మీటర్ల ముందర 4 మీటర్ల వెడల్పు గొయ్యి కనబడితే వచ్చిన దారినే వెనక్కి మళ్లించారు. మనవాడు ‘బీ’ నొక్కేసరికి చక్రాలు సగం పూడి ఉంటాయి.

సుమ్ము: పాదపూరణం.