చిలకలగూడలో మూడేళ్ల డిగ్రీ

ప్రిన్సిపాల్ గారే ఇంగ్లీషు పాఠం కూడా చెప్తే అది చిన్న డిగ్రీ కాలేజీ. సికింద్రాబాద్‌లో చిలకలగూడ చౌరస్తా నుంచి వారాసిగూడ, సీతాఫల్‌మండి వైపు పోయే దారుల్లో ఈ జాతివి కనిపిస్తాయి. కింద బేకరీ, దాని పైన పళ్ల డాక్టరు, ఆ పైన బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. గుర్తింపు ఉస్మానియాది. యూనివర్సిటీ దూరమేమీ కాదు, సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ ఎక్కితే తరవాతి స్టేషనే ఆర్ట్స్ కాలేజ్. 1939 నాటి ఆ రాతి భవనం ఫొటో ప్రతి చిన్న కాలేజీ బ్రోషరు అట్ట మీదా ఉంటుంది. సొంత భవనం ఫొటో వేస్తే బేకరీ కూడా పడుతుంది మరి.

ఈ కాలేజీల్లో డిగ్రీ అంటే మూడేళ్లు, ఆరు సెమిస్టర్లు, 150కి అటూ ఇటూగా క్రెడిట్లు. ప్రవేశం దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా. ఇంటర్ మెమో, టీసీ పట్టుకెళ్లి ఆఫీసులో ఇచ్చేస్తే సీటు ఇచ్చే రోజులు 2016తో పోయాయి. ఇప్పుడు మొదటి విడతలో 200 రూపాయలు, ఆలస్యంగా మేలుకున్నవాళ్లు 400 కట్టి రిజిస్టర్ చేసుకుని, వెబ్ ఆప్షన్లు పెట్టుకుని, సీటు వచ్చాక సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యాలి. ప్రతి మెట్టు దగ్గరా ఓటీపీ. ఆధార్‌కు లింకైన నంబరు మామూలుగా నాన్నది. రైల్వే క్వార్టర్ల పిల్లలకు ఇక్కడ ఇంకో చిక్కుంది. నాన్న లోకో పైలట్ అయితే బండి నడుపుతున్నంతసేపూ ఫోను ఆపేసుకోవాలని రూలు. ఓటీపీకి ఉండే ఆయుష్షు నిమిషాల్లో, గూడ్సు బండి కాజీపేట చేరేది గంటల్లో. ఇంటర్నెట్ సెంటరు కుర్రాడు మాత్రం "ఏం ఫికర్ లేదన్నా, రీసెండ్ కొడదాం" అంటూ సాయంత్రం దాకా కొడుతూనే ఉంటాడు.

సీటుతో పాటు కాంబినేషన్ కూడా తేలాలి. బి.ఏ.లో హెచ్ఈపీ, ఈపీపీ. బి.ఎస్సీ.లో బీజెడ్‌సీ, ఎంపీసీ, ఎంపీసీఎస్. బి.కాం.లో జనరల్, కంప్యూటర్ అప్లికేషన్స్. జనం ఎక్కువగా పోయేది బి.కాం. కంప్యూటర్స్‌కే. కామర్సు మీద ప్రేమ ఎంతుందో గాని, కోర్సు పేరులో కంప్యూటర్ ఉంటే పెళ్లి సంబంధాల్లో ఇంకో వాక్యం చెప్పనక్కర్లేదు. తెలంగాణలో 2016-17 నుంచి సీబీసీఎస్ అమల్లో ఉంది, అంటే ఏం చదవాలో విద్యార్థే ఎంచుకునే పద్ధతి. ఆ తరవాత బకెట్ విధానం కూడా వచ్చింది. బకెట్‌కో సబ్జెక్టు చొప్పున తీసుకుని నచ్చిన జత కట్టుకోవచ్చు. కాగితం మీద ఇది ఉడిపి హోటల్ మెనూ అంత నిండుగా ఉంటుంది. అడ్మిషన్ల బల్ల దగ్గర సంభాషణ మాత్రం ఇలా నడుస్తుంది.

"సార్, మావాడు హిస్టరీ కావాలంటుండు."

"హిస్టరీ మేడం గురుకులంలో జాబొచ్చి పోయిన్రు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ రాయమనండి, గ్రూప్స్‌కి కూడా పనికొస్తది."

"మరి ఎకనామిక్స్?"

"ఎకనామిక్స్ ఉంటది. అది అందరికీ ఉంటది."

ఎంపికకు అసలు కొలత అధ్యాపకుడి హాజరే. ఏ సబ్జెక్టుకు సారు ఉన్నారో ఆ సబ్జెక్టు మీద పిల్లలకు ఆసక్తి పుడుతుంది. పదిమంది కూడా చేరని కాంబినేషన్ నడపడం గిట్టదు కాబట్టి తక్కిన ఆసక్తులు జులైలోనే తగ్గిపోతాయి.

భాషల్లో ఇంగ్లీషు తప్పనిసరి. ఇది ఇక్కడ కొత్త కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో కూడా ఇంగ్లీషు అందరూ చదవాల్సిందే. రెండో భాషగా తెలుగు, హిందీ, ఉర్దూ, సంస్కృతం వగైరా ఉంటాయి. సంస్కృతంలో మార్కులు పడతాయన్న నమ్మకం ఇంటర్లోనే స్థిరపడిపోయింది కనుక వేదకాలం తరవాత ఆ భాషకు ఇంత ఆదరణ మళ్లీ ఇప్పుడే వచ్చింది. రామ శబ్దం పూర్తిగా రాని పిల్లలు నూటికి తొంభై దాటి తెచ్చుకుంటారు. తెలుగు తీసుకున్నవాడు ఛందస్సు దగ్గర గణాలు లెక్కపెట్టుకుంటూ ఆ మార్కుల కేసి చూస్తుంటాడు.

మొదటి ఏడే పర్యావరణ శాస్త్రం కూడా ఉంటుంది, రెండు క్రెడిట్లు. దీని వెనక సుప్రీంకోర్టే ఉంది. ఎం.సి. మెహతా కేసులో 1991లో కోర్టు పర్యావరణ పాఠం తప్పనిసరి చెయ్యమంది. యూజీసీ 2003లో డిగ్రీలన్నిటికీ కలిపి ఆరు నెలల సిలబస్ తయారుచేసింది. చిన్న కాలేజీలో ఈ పేపరుకు ప్రత్యేకం సారు ఉండరు. ఆ గంటకు ఖాళీ ఎవరికుంటే వారే పర్యావరణవేత్త. ఘన వ్యర్థాల నిర్వహణ పాఠం జరిగేటప్పుడు కిటికీలు మూసెయ్యాల్సి వస్తుంది, కింద బేకరీ వెనకాల కుప్ప వల్ల. పాఠానికి ఇంతకు మించిన బోధనోపకరణం దొరకదు గాని దాన్ని చూపించిన అధ్యాపకుడు అరుదు. మిగతా చిన్న పేపర్లు, అంటే కమ్యూనికేషన్ స్కిల్స్, జెండర్ సెన్సిటైజేషన్, వెర్బల్ రీజనింగ్ లాంటివి, పరీక్షకు ముందు రాత్రి జిరాక్స్ షాపులో దొరికే పన్నెండు పేజీల్లో పూర్తవుతాయి.

మూడో ఏట జనరిక్ ఎలెక్టివ్ వస్తుంది. మొత్తం పథకంలో చక్కటి ఆలోచన ఇదే. కామర్సు విద్యార్థి కాస్త చరిత్రో, బోటనీ విద్యార్థి కాస్త ఆర్థికశాస్త్రమో రుచి చూడాలని. అమెరికాలోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు నమ్ముకున్నదీ ఈ సూత్రాన్నే. వాటిలో స్వార్త్‌మోర్ ఇంకో అడుగు వేసి, విద్యార్థి ఈత పరీక్ష పాసవడమో ఈత క్లాసుకు పోవడమో తప్పనిసరి చేసింది. చిలకలగూడలో ఆ నియమం లేదు, అవసరమూ లేదు. రైలు వంతెన కింద వాననీళ్లు నిలిచిన రోజున కాలేజీకొచ్చిన ప్రతివాడికీ ఆ ప్రాక్టికల్ అయిపోయినట్టే. ఎలెక్టివ్ సంగతికొస్తే, నోటీసు బోర్డు మీద "జీఈ: అందరూ ఫలానా పేపరే తీసుకొనవలెను" అని ప్రిన్సిపాల్ సంతకంతో అంటిస్తారు. విద్యార్థి ఎంచుకోవాల్సిన పేపరును కాలేజీ ఎంచిపెడుతుందన్నమాట. ఇది కొంత దురదృష్టం. సారు గనక మంచివారైతే ఆ నాలుగు క్రెడిట్లే జీవితాంతం గుర్తుండిపోయిన సందర్భాలు ఉన్నాయి.

హాజరు నూటికి 75 ఉండాలి. 65 దాకా తగ్గితే డాక్టరు సర్టిఫికెట్, కండోనేషన్ ఫీజు. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ. కొత్త బ్యాచ్‌ల తొలి వారాలు ఆషాఢంతో ఢీకొంటాయి కాబట్టి లెక్క మొదట్లోనే తప్పుతుంది. లష్కర్ బోనాల ఆదివారం సెలవే, మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం, అంటే భవిష్యవాణి. రంగం విన్నవాడు ఆ రోజు మళ్లీ అకౌంట్స్ వినడు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు కూడా హాజరు చూస్తారు గనక క్లాసుకు రానివాడి హాజరు గురించి ఇంట్లోవాళ్ల కన్నా ఆఫీసు క్లర్కు ఎక్కువ బెంగపడతాడు.

తప్పిన పేపర్లను బ్యాక్‌లాగులంటారు. వీటికి సప్లిమెంటరీ ఉంది. గడువు దాటినవాళ్ల కోసం యూనివర్సిటీ అప్పుడప్పుడు వన్ టైమ్ ఛాన్స్ నోటిఫికేషన్ ఇస్తుంది. ఒక్కసారే అన్న అవకాశం ఇప్పటికి ఒకటికి మించి వచ్చింది. తల నెరిసినవాళ్లు కూడా ఆ హాల్‌టికెట్లు పట్టుకుని కనిపిస్తారు, పక్క బెంచీలో కూతురి వయసు పిల్ల ఉంటుంది, ఇద్దరూ ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు.

యూజీసీ 2022 డిసెంబరులో నాలుగేళ్ల డిగ్రీ నమూనా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2023-24 నుంచి సింగిల్ మేజర్‌కు మారి, నాలుగో ఏడు చదివితే ఆనర్స్ అంటోంది. ఇక్కడ మామూలు డిగ్రీ ఇంకా మూడేళ్లే. బ్యాక్‌లాగులున్నవాళ్లకు నాలుగేళ్ల పథకం ఎప్పటినుంచో అమల్లో ఉంది.

ఈ ఏడు చేరబోయేవాళ్లకు ఒక్క మాట. రీయింబర్స్‌మెంటు డబ్బు సర్కారు నుంచి రాలేదని చెప్పి, చదువైపోయినా సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు కొన్ని కాలేజీలకుంది. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ చెప్పిన సంగతి ఆ బీరువాకు తెలియదు. మెమోలు, టీసీ ఆఫీసులో ఇచ్చే ముందు నాలుగేసి జిరాక్సులు తీయించుకుని ఇంట్లో పెట్టుకోండి.