రెడ్డిగూడెం ఆఫ్‌లైన్

2021 ఆగస్టు 15 ఆదివారం జెండా ఎగరేశాం. 16 సోమవారం రాష్ట్ర ప్రభుత్వం ఓ మెమోతో తన జీవోల వెబ్‌సైటు దించేసింది. జెండా పండక్కి పంచిన చాక్లెట్ల కాగితాలు బడి ఆవరణలో ఇంకా ఊడవనే లేదు.

2008 నుంచి నడుస్తున్న ఆ సైటు, జీవోఐఆర్‌లో ఇక ఉత్తర్వులు పెట్టక్కర్లేదని ఆ మెమో చెప్పింది. ఏ శాఖకు ఆ శాఖ పాతకాలంలోలా రిజిస్టరు తెరిచి, చేత్తో నంబరు వేసుకుంటే సరిపోతుందట. తండ్రి ముఖ్యమంత్రిగా ఉండగా తెరిచిన కిటికీని ముఖ్యమంత్రి అయిన కొడుకు మూశాడని ప్రతిపక్షం అప్పుడే పాట ఎత్తుకుంది. వాళ్ల ఏలుబడిలోనూ 'కాన్ఫిడెన్షియల్' జీవోలు వచ్చాయి, అప్పుడు గోల చేసినవాళ్లే 2021 నాటికి కుర్చీలో ఉన్నారు. ఆ తగువు వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. నాకు నచ్చింది మెమోలో చెప్పిన కారణం. పొరుగు రాష్ట్రాల్లో నడుస్తున్న పద్ధతిని చూశాక ఈ నిర్ణయం తీసుకున్నారట.

పొరుగువాణ్ని చూసి నేర్చుకోవడం మంచిదే. మా రెడ్డిగూడేనికి ప్రభుత్వమూ పొరుగే కదా. మైలవరం మీదుగా బెజవాడ వెళ్లి, కృష్ణ దాటితే వెలగపూడి. అంత దగ్గర్లో అంత మంచి పద్ధతి నడుస్తుంటే మేం మాత్రం వెనకబడి ఉండటం ఎందుకు? అందుకని మా మండలం తరఫున నేనే ఓ మెమో తయారుచేశాను:

'పొరుగున ఉన్న ప్రభుత్వంలో అమలవుతున్న విధానాన్ని క్షుణ్ణంగా పరిశీలించిన మీదట, రెడ్డిగూడెం మండల కుటుంబాలన్నీ తమ వివరాలను ఆన్‌లైన్‌లో పెట్టడం తక్షణం నిలిపివేస్తున్నాయి. ఎవరింటి వివరాలు వారింట్లోనే, అటక మీది చిట్టా పుస్తకంలో చేత్తో రాసి భద్రపరచబడును.'

అమలు ఎలా ఉంటుందో ఊహించుకోండి. పొద్దున్నే గ్రామ వాలంటీరు అమ్మాయి ఫోను పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది.

"బాబాయ్ గారూ, బియ్యం కార్డు ఈకేవైసీ. వేలిముద్ర వేయండి."

"వేలు ఆఫ్‌లైన్‌లో ఉందమ్మా."

"అదేంటండీ?"

"ఉంది. కానీ మీకు చూపించం. కావాలంటే దరఖాస్తు పెట్టుకోండి, ముప్పై రోజుల్లో ఏ వేలో చెబుతాం."

పాపం, ఆ అమ్మాయి తప్పేముంది! అప్పట్లో ఆమెకిచ్చిన అయిదు వేలకు ఈ వేదాంతం కూడా భరించాలంటే కష్టమే. అయినా విధానం విధానమే. పింఛనుకో, అమ్మ ఒడికో అర్హత ఉందో లేదో తేల్చడానికి 2021లో ఆరంచెల వడపోత ఉండేది కదా. నెలకు 300 యూనిట్ల లోపు కరెంటు కాల్చాలి, కారు ఉండకూడదు, మాగాణి మూడెకరాలు దాటకూడదు, ఇంట్లో సర్కారీ ఉద్యోగి ఉండకూడదు, ఇలా సాగేది. ఇకనుంచి మీటరు మీద తువ్వాలు కప్పేస్తాం. యూనిట్లెన్నంటే "అవసరమైన మేరకు కాల్చాం" అని రాసిస్తాం. పొలం ఎంతంటే "పరిమిత సమాచారం" అంటాం. మామిడి తోటలో ఈక్రాప్ పంట నమోదుకు ఫొటో దిగమని ఉద్యాన సహాయకుడు వస్తే, రైతు చెట్టు వెనక్కి వెళ్లి నిలబడతాడు. చెట్టు బహిరంగం, రైతు గోప్యం.

ఇక ఖాళీ దరఖాస్తులు. ఇది పూర్తిగా ప్రభుత్వం దగ్గర నేర్చుకున్న విద్యే. ఆ మధ్య కొన్ని జీవోలు వచ్చాయి చూశారుగా, పైన నంబరు, తేదీ, శాఖ పేరు ఉంటాయి, కింద పెళ్లికొడుకు పంచెలా తెల్లటి కాగితం. మేమూ అలాగే ఇస్తాం. ఇళ్ల స్థలం దరఖాస్తు మీద క్రమసంఖ్య, తేదీ, సంతకం. పేరు దగ్గర ఖాళీ, ఆధార్ దగ్గర ఖాళీ, కులం దగ్గర ఖాళీ. ఇంటి పన్నూ అంతే. కవరు మీద 'ఇంటి పన్ను, 2021–22' అని అందంగా రాసి, లోపల తెల్లకాగితం మడిచి పెడతాం. "డబ్బులేవండీ" అని పంచాయతీ కార్యదర్శి అడిగితే "కాన్ఫిడెన్షియల్" అని చెప్పి దణ్ణం పెట్టి వచ్చేస్తాం. జనాభా లెక్కలవాళ్లు వస్తే మాత్రం మా మండలంలోని రంగాపురంలో ఎవరూ దొరకరు. ఊరు ఉంటుంది, జనం రిజిస్టర్లో ఉంటారు. రిజిస్టరు అటక మీద ఉంటుంది. నిచ్చెన పక్కూరికి ఇచ్చాం.

ఇంత చేశాక ప్రభుత్వానికి ఒక ఇబ్బంది వస్తుందని నాకూ తెలుసు. ప్రజలెవరో, ఏం కావాలో, ఏమనుకుంటున్నారో తెలీకుండా పాలించడం ఎలా అని మంత్రులు తల పట్టుకుంటారు. మాకేమీ చెప్పకుండా మమ్మల్ని ఏలుతున్నారు కదా, మా గురించి ఏమీ తెలీకుండా ఏలడం అంతకంటే కష్టమా? కాస్త అలవాటు పడాలి, అంతే. పైగా ప్రజాభిప్రాయమనేది తెలిస్తేనే తలనొప్పి.

కాకపోతే మా మెమోకు ఓ చిక్కు వచ్చిపడింది. చూసి నేర్చుకోదగ్గ ఆ పొరుగు రాష్ట్రంలోనే, ఇక్కడ సైటు మూసిన రెండు రోజులకు, 18వ తేదీ బుధవారం, హైకోర్టు అక్షింతలు వేసింది. దళిత బంధు పథకం కేసులో జీవో బయటికి రాలేదని తేలడంతో, ఏ జీవో అయినా ఇచ్చిన 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టమని తెలంగాణ ప్రభుత్వానికి చెప్పింది. కాపీ కొట్టడానికి ఎంచుకున్న పక్కవాడి పేపరునే మాస్టారు లాక్కుని సున్నా వేసినట్టయింది. అప్పుడైనా ప్రభుత్వం తన మెమో చింపుతుందని నాకైతే ఆశ కలగలేదు. పొరుగువాడి మంచిని ఆదర్శంగా తీసుకోవాలన్న నియమం ఆ మెమోలో లేదు.

నవ్వులాట ఇక్కడితో చాలు.

ఆ వారం మా ఆధార్ కేంద్రం దగ్గర నిలబడి చూడాల్సింది. ఈకేవైసీ చేయించకపోతే బియ్యం ఆగిపోతాయేమోనన్న భయంతో తల్లులు చంటిపిల్లల్ని చంకనేసుకుని వరసలో ఉన్నారు. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు. యాభై ఏళ్లు గడ్డి కోసి, మట్టి పిసికి గీతలరిగిన వేళ్లను ఓ ముసలమ్మ చీరకొంగుకు తుడుచుకుని మళ్లీ మళ్లీ మిషన్ మీద నొక్కింది. ఆమెను మిషన్ గుర్తుపట్టలేదు. పథకాలకు అర్హులెవరో, అనర్హులెవరో పేర్లతో సహా గ్రామ సచివాలయం గోడకు అంటించేవారు, సామాజిక తనిఖీ అంటూ. ఆ గోడ మీద ఆమె పేరుకు చోటు దొరికింది. ఆమె పింఛను ఎందుకు ఆగిందో చెప్పే ఉత్తర్వుకు మాత్రం ఎక్కడా చోటు లేకపోయింది. చట్టం రహస్యంగా ఉంచమన్నది ఆమె ఓటును. ఏలినవాళ్లు దాచుకున్నది తమ సంతకాన్ని.

జీవో అంటే వట్టి ఆఫీసు కాగితం కాదు. ఎవరి భూమి పోతుందో, ఎవరికి కాంట్రాక్టు దక్కుతుందో అందులోనే ఉంటుంది. పంచాయతీ ఆఫీసుల రంగుల మీద ఇచ్చిన జీవో 623ను, బడుల్లో ఇంగ్లిషు మీడియం మీద ఇచ్చిన 81, 85లను 2020లో హైకోర్టు కొట్టేసింది. ఎవరో చదివారు కాబట్టి కోర్టుకు వెళ్లారు, వెళ్లారు కాబట్టి తీర్పు వచ్చింది. ఆ తీర్పులు ఒప్పో తప్పో వేరే చర్చ. కానీ కాగితమే చేతికి రాకపోతే దేన్ని సవాలు చేస్తాం? సైటు మూసినవాళ్లకు ఈ సంగతి తెలీదనుకోను. తెలుసు కాబట్టే మూశారు.

సమాచార హక్కు చట్టం ఉంది కదా, అడిగి తీసుకోండి అంటారేమో. ఉందో లేదో తెలీని జీవోను ఏ నంబరుతో అడగాలి? పైగా 2005 నాటి ఆ చట్టం నాలుగో సెక్షన్ చెప్పేదే వేరు. జనం దరఖాస్తులు పట్టుకుని తిరిగే అవసరం వీలైనంత తగ్గేలా, ప్రభుత్వమే తనంతట తాను సమాచారాన్ని బయట పెట్టాలంది, అదీ ఇంటర్నెట్‌తో సహా. అలా పెడుతున్నదాన్ని వెనక్కి తీసుకోవడం పరిపాలనా సౌలభ్యం కాదు, చట్టం మీద ఉమ్మేయడం.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, జీవో నంబరు తెలియక్కర్లేదు, రిజిస్టరునే అడగండి. '2021 ఆగస్టు 16 నుంచి మీ శాఖ చేత్తో రాసిన జీవోల రిజిస్టరు పేజీల నకళ్లు ఇప్పించగలరు' అన్న ఒక్క వాక్యం చాలు. పౌర సమాచార అధికారి, సాధారణ పరిపాలన శాఖ, సచివాలయం, వెలగపూడి అని చిరునామా రాయండి. ఆ తర్వాత రెవెన్యూకు, పురపాలక శాఖకు, పంచాయతీరాజ్‌కు ఒక్కోటి. రుసుము పది రూపాయలు. వరసలో నిలబడి ఈకేవైసీ చేయించుకున్న ఆ బియ్యం కార్డు జిరాక్సు జతచేస్తే అదీ కట్టక్కర్లేదు. జవాబివ్వడానికి వాళ్లకున్న గడువు 30 రోజులు.