‘నీట నుండు చేప’ పద్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: గయానా, సురినామ్, దిగువ అమెజాన్ ప్రాంతపు వాగులలో తిరుగు కోపెల్లా ఆర్నోల్డీ అను చిన్నచేపను ఇంటి తొట్టిలో ఈనించు విధమును ఈ ఆటవెలది చెప్పుచున్నది. రీగన్ అను శాస్త్రజ్ఞుడు 1912లో దీనిని లోకమునకు ఎరుకపరచెను. అక్వేరియం అంగళ్లలో దీని పేరు స్ప్లాష్ టెట్రా.

నీట నుండు చేప నీటిపై గ్రుడ్లిడు
మగడు తోకతోడ మరలఁ దడుపు
మూత లేని తొట్టి మూర్ఖుల సొమ్మయా
ఆకు కింద చూడు మద్భుతంబు

టీక: నీటిపై = నీటిని విడిచి, గాలిలో. నీటిమట్టముననే అని కొందరు అన్వయింతురు. అది పొసగదు. మట్టమున బుడగల గూడు కట్టునది గురామి అను చేప. ఈ చేప కొన్ని అంగుళాల ఎత్తున వ్రేలాడు ఆకు అడుగును కోరును. గ్రుడ్లు ఇడు = ఆడది, మగది పక్కపక్కన చేరి, ఒక్క ఊపున ఎగిరి, ఆకును కరచుకొని క్షణకాలము నిలిచి, ఐదారు గ్రుడ్లు అంటించి నీట పడును. ఇట్లు పలుమార్లు ఎగురగా గ్రుడ్లు నూరు దాటుటయు కలదు. ఇద్దరు ఎగురగా ‘ఇడు’ అని ఏకవచనమేల అని ఆక్షేపింపరాదు. ఎగురుట ఇద్దరిది, ఇడుట ఒకతెది.

మగడు = మగచేప; ఆడదానికంటె పెద్దది, రెక్కలు పొడవు. ఆడదాని పని అంతటితో తీరినది. మరలన్ = నిమిషమునకో, రెండు నిమిషములకో ఒకమారు, రేయింబవళ్లు, రెండు మూడు దినములు. గ్రుడ్ల క్రిందనే కాపుండక మగది కొంత దూరమున నక్కి, వేళకు వచ్చి, తోక విసరి, నీరు చిమ్మి పోవును. దీనిని సోమరితనమని వ్రాసిన టీకాకారుడు చేపను చూచి ఎరుగడు. గ్రుడ్ల జాడ పరులకు తెలియనీయని ఉపాయమిది.

మూత లేని తొట్టి = ‘మూర్ఖుల’ అనుట పరుషమే గాని అతిశయోక్తి కాదు. ఎగురుటయే వృత్తిగా గల చేప తెల్లవారుసరికి గచ్చుపై ఎండును. పైగా ఆకు కుదరనప్పుడు ఇది మూత అద్దము అడుగుననే గ్రుడ్లు పెట్టును. కావున మూత కావలియు, పురుటిగదియు. నీటిని అంచు వరకు నింపక నాలుగైదు అంగుళాలు ఖాళీ విడువవలెను. మూత ఉన్నచో ఆ గాలి తేమగా నిలుచును.

ఆకు = కుండీమొక్క వెడల్పాకు నీటిపైకి వంగినచో మేలు. అద్భుతంబు = గ్రుడ్డు నుండి వెలువడిన పిల్లలు నీటిలోనికి రాలుట.

తాత్పర్యము: నీటిలో గ్రుడ్లు తిను నోళ్లు అనేకము. వాటికి అందని చోటికై చేప ఎగిరినది. ఎగిరిన చోట గ్రుడ్లు ఎండకుండ చూచు పని తండ్రి నెత్తిన పడినది.

విశేషములు: గణములు చాలక కవి విడిచినవి కొన్ని కలవు. నీరు మెత్తగా, రవ్వంత ఆమ్లగుణముతో, 25 నుండి 28 డిగ్రీల వేడిమిలో ఉండవలెను. జోరుగా లాగు ఫిల్టరు పిల్లలను మింగును. స్పాంజి ఫిల్టరు చాలును. పెద్దచేపలును మింగగలవు కనుక రాలిన పిల్లలను వేరు తొట్టికి మార్చవలెను. పిల్లల నోరు మిక్కిలి చిన్నది. కనుక మేతగా మొదట కంటికి ఆనని సూక్ష్మజీవులను, పిమ్మట అప్పుడే గ్రుడ్డు నుండి వెలువడిన ఆర్టీమియాను వేయవలెను. కోస్తా రొయ్యల హేచరీలలో వాడునది ఈ ఆర్టీమియాయే.