పెన్‌పహాడ్‌కు అర్థం కాదట!

సైన్స్ ఫిక్షన్ కథకు ఆయువుపట్టు ఒక ప్రశ్న. యంత్రం, రాకెట్టు, వింత గ్రహం అన్నీ ఆ ప్రశ్న అడగడానికి వేసుకున్న వేషాలే. కథను సినిమాగా మార్చే పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. వేషాన్ని భద్రంగా దాచుకుని, ప్రశ్నను కూరలో కరివేపాకులా ఏరి పక్కన పెడతారు. ఎందుకలా అంటే కథాచర్చల గదుల్లో జవాబు ఎప్పుడూ సిద్ధమే: బీ, సీ సెంటర్ల ప్రేక్షకుడికి సైన్సు ఎక్కదు. మల్టీప్లెక్సులో చెల్లుతుందేమో గానీ, పెన్‌పహాడ్ నుంచి బండేసుకుని సూర్యాపేట హాలుకొచ్చే రైతుకు ఏం అర్థమవుతుంది పాపం అన్నది ఆ జవాబు సారాంశం. ఈ జాలి ఎంత దొడ్డదో తెలియాలంటే ముందు మార్పిడి విధానాన్ని మెట్టుమెట్టుగా చూడాలి.

మొదటి మెట్టు, కథానాయకుడికి కన్నీళ్లు తగిలించడం. హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషిన్'లో కాలయాత్రికుడికి పేరైనా లేదు. అతణ్ని బయల్దేరదీసింది ఉత్త కుతూహలం. క్రీ.శ. 8,02,701కి వెళ్లి చూస్తే మనిషి జాతి రెండుగా చీలిపోయి ఉంటుంది. పైన ఎండలో ఆడుకుంటూ తిరిగే ఎలోయ్‌లు, నేల కింద యంత్రాల మధ్య బతికే మార్లాక్‌లు. కష్టపడేవాణ్నీ సుఖపడేవాణ్నీ తరాల తరబడి వేరుచేస్తూ పోతే చివరికి ఏం మిగులుతుందన్నది వెల్స్ ప్రశ్న. 2002లో వచ్చిన హాలీవుడ్ సినిమాలో హీరో యంత్రం తయారుచేసేది చనిపోయిన ప్రియురాలిని బతికించుకోవడానికి. దర్శకుడు సైమన్ వెల్స్ సాక్షాత్తూ ఆ రచయితకు మునిమనవడు. ముత్తాత ఇచ్చిపోయిన యంత్రం పనికొచ్చింది గానీ ఆయన ప్రశ్న మాత్రం బరువైపోయింది. హాలీవుడ్‌కూ ఒక సీ సెంటర్ ఉందన్నమాట!

రెండో మెట్టు, యంత్రాన్ని విలన్ చేయడం. సృష్టించినవాడి మీదే తిరగబడే మరమనుషుల కథలు చదివి చదివి విసిగిపోయిన ఐజాక్ అసిమోవ్, మూడు నియమాలకు కట్టుబడే రోబోలను సృష్టించాడు. ఆ కథల్లో చిక్కు నియమం తప్పడం వల్ల కాదు, తు.చ. తప్పకుండా పాటించడం వల్ల వస్తుంది. 1942 నాటి 'రనరౌండ్'లో స్పీడీ అనే రోబో అటు యజమాని ఆజ్ఞ, ఇటు ఆత్మరక్షణ సరిసమానంగా లాగుతుంటే ఎటూ తేల్చుకోలేక, బుధగ్రహం మీద సెలీనియం గుంట చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది. ఇలాంటి కథలతో 1950లో వచ్చిన పుస్తకం 'ఐ, రోబోట్'. అదే పేరుతో 2004లో తీసిన సినిమాలో రోబోల దండు వీధుల్లోకొచ్చి మనుషుల మీద పడుతుంది. అసిమోవ్ ఏ కథలను చూసి విసిగిపోయాడో, ఆయన పుస్తకం పేరు పెట్టి సరిగ్గా ఆ కథనే తీశారు. నివాళి అంటే అలా ఉండాలి.

మూడో మెట్టు ప్రేమ. 2019 నాటి 'ఇస్మార్ట్ శంకర్'లో చనిపోయిన పోలీసు అధికారి జ్ఞాపకాలను ఒక కిరాయి రౌడీ తలలోకి ఎక్కిస్తారు. ఒంటి మీద పచ్చబొట్టు ఒకడిది, తలలో గతం ఇంకొకడిది అయితే ఆ మనిషి ఎవరు? చేసిన నేరానికి శిక్ష ఎవరికి పడాలి? తత్వవేత్తలు శతాబ్దాలుగా తలలు పట్టుకున్న ఈ ప్రశ్నకు సినిమా చూపిన పరిష్కారం చాలా సులువైనది. ఒక బుర్రలో ఇద్దరున్నారు కాబట్టి ఇద్దరు హీరోయిన్లు.

నాలుగో మెట్టు వంశవృక్షం. తెలుగు హీరో భవిష్యత్తులోకి ఒంటరిగా పోడు, వెంట ఇతిహాసం ఉండాల్సిందే. 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ'లో కాశీ ఎండిపోయి ఉంటుంది. నీళ్లూ పచ్చదనమూ అన్నీ పైన వేలాడే కాంప్లెక్స్ పీల్చేసుకుంటుంది. అక్కడికి చేరాలంటే లక్షల్లో 'యూనిట్లు' కావాలి. వెల్స్ అడిగిన ప్రశ్నే మళ్లీ తలుపు తట్టిందని సంబరపడేలోపు అశ్వత్థామ నిద్రలేస్తాడు, కాంప్లెక్స్‌కు పోవాలని కలలుగనే భైరవుడు చివరికి కర్ణుడని తేలుతుంది. నీళ్లు ఎవరివన్న సంగతి రెండో భాగానికి వాయిదా పడుతుంది.

ఇక అర్థం కాదని తేల్చేసిన ప్రేక్షకుడి సంగతి. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువ చివరి భూములు సూర్యాపేట జిల్లాలోనే ఉన్నాయి. ఎగువన తూము ఎత్తితే దిగువన ఏమవుతుందో, కాలువలో నీళ్లు కనిపిస్తూనే మడి ఎందుకు తడవదో అక్కడి రైతుకు ఏ గ్రాఫిక్సూ లేకుండానే తెలుసు. కాంప్లెక్స్ కథ అతడికి అర్థం కాదనడం చేపకు ఈత అర్థం కాదనడమే. పొలానికి పోకుండా ఇంట్లోంచే ఫోన్ కొట్టి మోటారు ఆన్ చేసేవాడికి, దూరం నుంచి మాట వినే యంత్రం వింత కాదు.

మిర్యాలగూడ రైసుమిల్లుల్లో సార్టెక్స్ మిషన్ దగ్గర ఒక్క పూట నిలబడితే అసిమోవ్ కథలు అవే తెలుస్తాయి. బియ్యం సన్నటి గాడుల్లోంచి జారుతుంటే కెమెరాలు గింజ గింజనూ చూస్తాయి. రంగు మారిన గింజ కనపడగానే యంత్రం గాలి కొట్టి పక్కకు తోస్తుంది. కన్ను ఆర్పేలోపే తీర్పు, అమలు రెండూ అయిపోతాయి. సెట్టింగ్ బిగిస్తే నల్ల గింజతోపాటు మంచి గింజ కూడా పోతుంది. వదులు చేస్తే నల్లది సంచిలో కలుస్తుంది. యంత్రం తిరగబడదు, చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. నష్టం అక్కడే పుడుతుంది. 'రనరౌండ్' చిక్కు ఇదే. దాన్ని రోజూ చేతులతో సవరించే ఆపరేటర్‌కు రోబో అంటే ఏమిటో అర్థం కాదని కారవాన్‌లో కూర్చుని తీర్మానిస్తారు.

సాక్ష్యం వాళ్ల సినిమాల్లోనే ఉంది. శంకర్ తీసిన 'రోబో' (2010)లో చిట్టి అనే రోబో మంటల్లోంచి అందరినీ కాపాడుతూ, స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని ఉన్నపళంగా ఎత్తుకొచ్చి జనం ముందు నిలబెడుతుంది. సిగ్గుతో పరుగెత్తిన ఆ పిల్ల బండి కింద పడి చనిపోతుంది. ప్రాణం కాపాడమన్నారు, కాపాడింది. మానం అనేది ఒకటుందని ఎవరూ చెప్పలేదు. ఆ సన్నివేశం అర్థం కాక ఏ సెంటర్‌లోనూ ఎవరూ పక్క సీటువాణ్ని అడగలేదు. ఆ తర్వాత అదే సినిమా చిట్టిని ప్రేమలో పడేసి, వందల రోబోలను బంతిగా, పాముగా చుట్టి రెండో మెట్టు ఎక్కేసింది.

అంతకు ఎంతో ముందే, 1957లో, 'మాయాబజార్' ప్రియదర్శిని పెట్టె తెరిచి శశిరేఖకు అభిమన్యుణ్ని చూపించింది. దూరాన ఉన్న మనిషి పెట్టెలో కనపడ్డం ఏమిటని ఎవరూ తల గోక్కోలేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీశారు. వెల్స్ యంత్రాన్ని తీసుకుని ఎలోయ్‌లను, మార్లాక్‌లను వదిలేశారు. 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువుకు, 2504లో మూడో ప్రపంచయుద్ధం తర్వాత నేల కింద తలదాచుకున్న మనుషుల దగ్గరకు తీసుకెళ్లారు. పాటలున్నాయి, ఫైట్లున్నాయి, వజ్రం కాజేసే దొంగ ఉన్నాడు. అయినా మనం ఏం అందుకున్నాం, ఏం మిగిల్చిపోతాం అన్న ప్రశ్న చెక్కుచెదరలేదు. మూలాన్ని మార్చడం తప్పు కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. సినిమా నవలకు జెరాక్స్ కానక్కర్లేదు. పేరు, ఊరు, కాలం, ముగింపు ఏదైనా మార్చుకోవచ్చు. ప్రశ్న పోతే మాత్రం మిగిలేది సెట్టింగు, బిల్లు.

తెలుగులో ముడిసరుకుకూ కొదవ లేదు. కొడవటిగంటి కుటుంబరావు, వేమూరి వెంకటేశ్వరరావు వంటివారు సైన్సు కథలు తెలుగులోనే రాశారు. యండమూరి నవలలను పరిశ్రమ ఎగబడి కొన్న రోజుల్లో 'అభిలాష' (1983), 'ఛాలెంజ్' (1984), 'రాక్షసుడు' (1986) తెరకెక్కాయి. ఉరిశిక్ష మీద వాదన, డబ్బు మీద పందెం సీ సెంటర్‌కు అప్పుడు చక్కగా అర్థమయ్యాయి. ఆలోచన అర్థమైన ప్రేక్షకుడికి సైన్సు రాగానే బుర్ర పనిచేయడం ఆగిపోతుందన్న సిద్ధాంతాన్ని ఏ ప్రయోగశాలా ఇంతవరకు నిరూపించలేదు.

కాబట్టి సినిమా మొదట్లో వేసే హెచ్చరికకు ఇంకో వాక్యం చేర్చడం న్యాయం: ఈ చిత్రంలోని పాత్రలు, సంఘటనలు, సైన్సు కేవలం కల్పితాలు; ప్రేక్షకుడి అజ్ఞానం కూడా.