కారు గారి పథ్యం

నాకు బీపీ ఉంది, షుగర్ అంచున ఉంది. నేను ఏ నూనె తినాలో చెప్పడానికి ఒక్క డాక్టరు సరిపోతున్నాడు. మా కారు ఏ నూనె తాగాలో చెప్పడానికి మాత్రం కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా మనిషికో మాట తయారుగా ఉంది. ఇంటి పెద్దగా ఈ అన్యాయాన్ని ఇక మౌనంగా భరించలేనని మనవి చేసుకుంటున్నాను.

మా మెకానిక్ ఆయిల్ కడ్డీ బయటికి లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఓ చుక్క రాసి, వాసన చూసి, చావు కబురు చెప్పే మొహం పెడతాడు. "నల్లగైంది సార్. గీ పల్చటి ఆయిల్ మన ఎండలకు ఆగది. 20డబ్ల్యూ-40 పోద్దాం." రామగుండంలో ఎండ 45 దాటుతుంది కనుక వినడానికి న్యాయంగానే ఉంటుంది. గోదావరిఖనిలో ఉండే బావమరిదిది ఇంకో దారి: "బొగ్గు లారీలల్ల ఏది పోస్తరో అదే పొయ్యి బావా, ఇగ సూడనక్కరలే." హైదరాబాద్ అల్లుడు ఫోన్లో, "ఫుల్ సింథటిక్ కాకపోతే వేయించకండి మామయ్యా" అంటాడు. ధర చెప్పడు. మా ఆవిడ అడిగి తెలుసుకుంది. అప్పటినుంచి పల్లినూనె రేటు గురించి ఇంట్లో నేను నోరెత్తడానికి లేదు.

వీళ్లెవరూ తెరవని పుస్తకం ఒకటి డ్యాష్‌బోర్డు అరలో, ఇన్సూరెన్స్ కాగితాల కింద పడి ఉంది. అందులో 0డబ్ల్యూ-20 అని ఒకే ముక్క రాశారు. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో స్టార్ట్ చేసినప్పుడు నూనె ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, వెనకున్నది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 0డబ్ల్యూ రకాన్ని మైనస్ 35 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు. ఆదిలాబాద్‌లో 5 డిగ్రీలకే జిల్లా పేజీ నిండా చలిమంటల ఫొటోలు. మరి ఎండో? ఇంజన్‌కు దాంతో పెద్దగా పనిలేదు. మే అయినా డిసెంబర్ అయినా థర్మోస్టాట్ దాన్ని 90 డిగ్రీల దరిదాపుల్లోనే పట్టి ఉంచుతుంది. ఈ కాలపు ఇంజన్లలో నూనె తిరిగే సందులు సన్నం. చిక్కటిది పోస్తే మైలేజీ తగ్గుతుంది, పొద్దున్నే తాళం తిప్పగానే నూనె పైదాకా ఎక్కడం ఆలస్యమవుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది అప్పుడే. బావమరిది చెప్పిన లారీ ఆయిల్లోని మందులేమో పెట్రోల్ కారు కెటలిటిక్ కన్వర్టర్‌కు పడవు. ఇక నలుపంటారా, మసిని మోసుకొచ్చే నూనె నల్లబడక తెల్లబడుతుందా? డీజిల్ బండిలో అయితే పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది.

ఇదంతా మెకానిక్‌కు విన్నవించాను. "పుస్తకం రాసినోడు గీడికొచ్చి నడిపిండా సార్?" అన్నాడు. దీనికి పుస్తకంలో జవాబు లేదు.

10 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చాలని అదే పుస్తకంలో ఇంకో శాసనం. మా కారు తిరిగేది కూరగాయల మార్కెట్టుకు, పండక్కి వేములవాడకు. కొత్తలో కొండగట్టులో పూజ చేయించినప్పుడు పంతులుగారు నిమ్మకాయలు, కొబ్బరికాయ తప్ప మరేమీ అడగలేదు. పుస్తకం అలా కాదు. దుమ్ము రోడ్లమీద, దగ్గరి దూరాలు తిరిగే బండికి ఇంకా ముందే మార్చమని కింద చిన్న అక్షరాల్లో అంటుంది. ముందు గ్రానైట్ లారీ, వెనక బొగ్గు లారీ ఉండే ఊళ్లో మిగతా రకం బండి ఎవరికుంటుందో నాకు తెలీదు.

మార్చే తతంగంలో ఒక చిన్న లెక్క ఉంది. పేరెందుకు గానీ, ఒక సర్వీస్ సెంటర్‌లో మూడున్నర లీటర్ల డబ్బాకు బిల్లు వేశారు. పుస్తకం ప్రకారం మా ఇంజన్ తాగేది మూడుంబావు. మిగిలిన పావు లీటరు ఏ బండి కడుపులోకి పోయిందని అడిగితే, "ప్యాకేజీ సార్" అన్నారు. ఇప్పుడు బయట కొన్న డబ్బాను నా ముందే మూత తీయిస్తాను, ఖాళీ అయ్యాక స్క్రూడ్రైవర్‌తో పొడిపించి మరీ వస్తాను. ఖాళీ డబ్బాల్లో కల్తీ నూనె నింపి మళ్లీ అమ్మే ఘనులున్నారు మరి.

కూలెంటు ఆకుపచ్చ, గులాబీ, నీలం రంగుల్లో వస్తుంది. రంగు వట్టి అద్దకమే, లోపలి రసాయనానికి హామీ కాదు. రంగు చూసి నమ్మడం మన జిల్లాల్లో జనం ఎప్పుడో మానేశారు, మెకానిక్‌లే ఇంకా మానలేదు. కూలెంటు లేకపోతే బోరు నీళ్లు పోసేస్తారు. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టించే నీళ్లు రేడియేటర్‌ను వదులుతాయా?

బ్రేక్ ఆయిల్ విషయంలో మాత్రం నేను వేళాకోళమాడను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది మరగాలంటే కనీసం 230 డిగ్రీలు కావాలి, తేమ పట్టినదానికి 155 వరకే హామీ. ఉట్నూరు నుంచి ఆసిఫాబాద్ పోతూ కెరమెరి ఘాట్‌లో బ్రేకు తొక్కుతూనే దిగితే, ఆ వేడికి లోపల ఆవిరి పుట్టి పెడల్ నేలకంటుతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. చౌక పని కూడా. అయినా దాన్ని ఎవరూ గుర్తుచేయరు, ఇంజన్ ఫ్లష్ మాత్రం ప్రతిసారీ గుర్తుచేస్తారు.

మంచిర్యాల వియ్యంకుడి పెద్ద డీజిల్ బండి ఏకంగా యూరియా తాగుతుంది. పొగను శుద్ధి చేయడానికి పోసే డెఫ్‌లో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధిచేసిన నీరు. 2025 వానాకాలంలో అదే యూరియా కోసం సొసైటీల ముందు రైతులు చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డారు. పక్కనే రామగుండంలో ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా ఫ్యాక్టరీ ఉంది. ఆ రోజుల్లోనే వియ్యంకుడు రోడ్డుపక్కన డబ్బా వంచుతుంటే ఒక రైతు ఆగి, "కార్లకు దొరుకుతాందా సార్ యూరియా?" అన్నాడు. పొలంలో చల్లేది వేపనూనె పూసిన యూరియా, ఇది వేరే రకం అని వియ్యంకుడు చాలాసేపు చెప్పాడు. రైతు డబ్బా వైపే చూస్తూ విన్నాడు.

ఈ గోలంతా విని బావమరిది ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. "నూనె లేదు, గీనె లేదు, నువ్వే ఆగమైతున్నవ్ బావా" అని అందరి ముందూ అన్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "బావా, దీనికి గూడ కూలెంట్ ఉన్నదట. గులాబీదా, పచ్చదా?"