ఐదు నిమిషాల్లో సొంత సర్వరట!

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఇప్పుడు కొత్త గొప్ప ఒకటి వచ్చింది. ఇల్లెన్ని చదరపు అడుగులు, కారు చార్జింగుకి నెలకెంత అన్నవి పాతబడ్డాయి. "మా ఫొటోలు గూగుల్లో ఉండవండీ, మా ఇంట్లో, మా సర్వర్లోనే ఉంటాయి" అనడం ఇప్పటి దర్జా. మెట్ల కింద, వాక్యూమ్ క్లీనర్ పక్కన, నీలం దీపం మిణుకుమనే నల్ల డబ్బా ఒకటి చూపిస్తారు. ఫోనులో తీసిన ప్రతి ఫొటో దానంతటదే అందులోకి వచ్చి పడుతుందట. సెటప్‌కి ఎంతసేపు పట్టిందని మర్యాదకి అడిగామా, ఊరంతా ఒకటే జవాబు: "ఐదు నిమిషాలు. ఏముంది అందులో?"

రైలు కంపెనీ పేరు పెట్టుకున్న ఊరిది. 2000 జనాభా లెక్కల్లో 33,714 మంది. 2020 నాటికి 2 లక్షలు దాటారు. అందులో మనవాళ్ళెంతమందో, శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గర కారు పెట్టడానికి చోటు వెతికినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రాయి విసిరితే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు మీద పడుతుంది. కాబట్టి ఈ ఊళ్ళో "నాకు కుదరలేదు" అనే మగాడు దొరకడు. నాలుగు శనివారాలు డబ్బాతో కుస్తీ పట్టినవాడు కూడా ఐదు నిమిషాలనే చెబుతాడు.

ఆ లెక్క పూర్తిగా అబద్ధమని కూడా అనను. ప్రోగ్రాము దిగి, ఇన్‌స్టాలై, ఆకుపచ్చ టిక్కు కనబడడానికి అంతే పడుతుంది. గొడవంతా ఆ తర్వాత. ఫైళ్ళు రెండు చోట్ల ఒకేలా ఉండాలంటే ముందు ఆ రెండింటికీ మాట కలవాలి. సర్వర్ ఎక్కడుందో క్లయింటుకి తెలియాలి. వచ్చిన క్లయింటు మనవాడేనని సర్వర్‌కి రుజువు కావాలి. పలికింది మన సర్వరేనని క్లయింటుకీ రుజువు కావాలి. ఈ మూడూ తేలాకే ఫైలు కదలాలి. మనవాళ్ళ ఐదు నిమిషాల్లో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు.

చిరునామా సంగతే చూడండి. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం కలిపి సుమారు 430 కోట్లు. అమెరికా, కెనడాలకి వాటిని పంచే ఏరిన్ సంస్థ దగ్గర నిల్వ 2015 సెప్టెంబరు 24న అడుగంటింది. ఇంటికి ఒకటి ఇస్తారు. టీవీ నుంచి తలుపు గంట దాకా ఇంట్లో ఉన్న పరికరాలన్నీ దాని చాటునే బతకాలి. బయటి నుంచి వచ్చిన పిలుపు లోపల ఏ డబ్బాకి అందించాలో రౌటరుకి మనమే చెప్పాలి. అమ్మానాన్నలుండే తెనాలిలో ఇంకా తమాషా. అక్కడ చాలా ఇళ్ళకి సొంత చిరునామా కూడా ఉండదు, ఇంటర్నెట్ కంపెనీ బోలెడు ఇళ్ళని కలిపి ఒకే చిరునామా వెనక పెడుతుంది. ఇలాంటి అవసరానికనే 2012లో 100.64తో మొదలయ్యే అంకెల వరుసని విడిగా కేటాయించారు. ఆ ఇంట్లో కంప్యూటర్ బయటికి పిలవగలదు గానీ బయటివాళ్ళు దాన్ని పిలవలేరు. "నాన్నగారింట్లో కూడా ఒక సర్వర్ పెట్టేసి వస్తా" అని విమానమెక్కే కొడుకులకి ఈ సంగతి తెనాలిలో దిగాక, సెలవు అయిపోయే ముందురోజు తెలుస్తుంది.

ఫ్రిస్కో వీరుడు మాత్రం వెనకాడడు. సోఫాలో కూర్చుని, పది అడుగుల దూరంలో ఉన్న డబ్బాకి, అదే వైఫైలోంచి ఫోను కలుపుతాడు. కలుస్తుంది. స్క్రీన్‌షాట్ కాలనీ వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది. సోమవారం ప్లేనో ఆఫీసు నుంచి ప్రయత్నిస్తే 'కనెక్షన్ టైమ్డ్ ఔట్'. రౌటర్లో ఏదో మార్చి మళ్ళీ కొడితే ఈసారి 'కనెక్షన్ రిఫ్యూజ్డ్'.

ఈ రెండూ ఒకటి కావు. రిఫ్యూజ్డ్ అంటే యంత్రం దొరికింది, ఆ పోర్టు దగ్గర వింటున్నవాళ్ళెవరూ లేరని అదే చెప్పింది. ప్రోగ్రాము ఆగిపోయి ఉంటుంది, లేకపోతే 127.0.0.1 మీద కూర్చుని తనలో తనే మాట్లాడుకుంటూ ఉంటుంది. టైమ్డ్ ఔట్ అంటే అసలు జవాబే రాలేదు. దారిలో ఏ ఫైర్‌వాలో పిలుపుని మింగేసింది, లేదా చిరునామాయే తప్పు. రోగాలు వేరు, మందులు వేరు. రెండు మూడు ముక్కల్లో యంత్రం ఇంత సమాచారమిస్తే మనవాడు చదవడు. యూట్యూబు తెరుస్తాడు.

యూట్యూబు గురువు శాంతి చేయించడం మొదలెడతాడు. ఫైర్‌వాల్ ఆపెయ్. ఇంకా కలవలేదా, రౌటర్లో డీఎంజెడ్ అని ఉంటుంది, డబ్బాని అందులో పడెయ్. అప్పుడు బయటి నుంచి ఎవడు పంపిన పిలుపైనా నేరుగా దాని నెత్తి మీదికే. ఫైళ్ళు రాయనివ్వట్లేదా, అన్నిటికీ 777 కొట్టు, ఆ డబ్బాలో నడిచే ప్రతి ప్రోగ్రాముకీ సర్వహక్కులూ దఖలు. సర్టిఫికెట్ బాగాలేదంటోందా, చూడొద్దని టిక్కు పెట్టు. ఇలా ఒక్కొక్కటే ఊడబీకుతూ పోతే ఎక్కడో ఒకచోట కలుస్తుంది. ఏది తీస్తే కలిసిందో తెలియదు కాబట్టి తీసినవన్నీ తీసినట్టే ఉంటాయి. అప్పుడు వెలిగిన దీపాన్ని చూసి సెటప్ పూర్తయిందంటారు.

ఇంతకీ ఈ మనిషి వారమంతా చేసే ఉద్యోగం? బ్యాంకులో 'జీరో ట్రస్ట్' ప్రాజెక్టు. ఎవర్నీ నమ్మకు, ప్రతి కనెక్షన్నీ అడుగడుగునా పరీక్షించు అని స్లైడులు వేసి జీతం తీసుకుంటాడు. గుమ్మానికో కెమెరా, గరాజుకో కెమెరా, పెరట్లో ఇంకోటి. గడ్డి కాస్త పెరిగితే కాలనీ ఇళ్ళ సంఘం హెచ్‌ఓఏ ఉత్తరం రాస్తుంది. పోర్టు బార్లా తెరిచి పెడితే రాయదు, అదే వచ్చిన చిక్కు.

ఊళ్ళో ఉన్న తండ్రిని ఈ సర్వర్‌కి కలిపే ఘట్టం ప్రతి ఇంట్లోనూ ఒకేలా నడుస్తుంది. ఇక్కడ వేసవి రాత్రి పదిన్నర, అక్కడ పొద్దున్న తొమ్మిది. వీడియో కాల్లో తండ్రిగారి నుదురూ, సీలింగు ఫ్యానూ మాత్రమే కనిపిస్తుంటాయి.

"నాన్నా, ఇప్పుడు 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని ఎర్రగా ఏదో వస్తుంది. పట్టించుకోకండి. కింద 'అడ్వాన్స్‌డ్' అని ఉంటుంది, అది నొక్కండి."

"ప్రైవేట్ కాదంటోంది కదరా? ఇలాంటివొస్తే ముట్టుకోవద్దని బ్యాంకువాళ్ళు వారానికోసారి మెసేజి పెడుతున్నారు."

"అది బ్యాంకు నాన్నా. ఇది మనది."

"మనదైతే మనదని చెప్పాలిగా? కాదని ఎందుకంటోంది?"

"అబ్బా, ముందు నొక్కండి నాన్నా. పొద్దున్నే నాకు మీటింగుంది."

ముప్పై ఏళ్ళు ట్రెజరీలో బిల్లుల మీద సంతకాలు సరిచూసి రిటైరైన మనిషి అడిగిన ప్రశ్న అది. కొడుకు దగ్గర జవాబు ఉంది, చెప్పడానికే మొహం చెల్లదు. ఆ సర్టిఫికెట్ మీద సంతకం అతనిదే. నా మంచితనానికి నేనే సాక్షినంటే బ్రౌజరు ఒప్పుకోలేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు 2015 చివరి నుంచి అందరికీ ఉచితంగానే సర్టిఫికెట్లిస్తున్నారు. దానికి డొమైన్ పేరొకటి చూసుకోవాలి, గడువు తీరేలోపు దానంతటదే మారే ఏర్పాటు చేసుకోవాలి. అంత ఓపికెవరికి? తండ్రిగారు నొక్కారు. రేపు ఇంకెవడో పంపిన లింకు మీద అదే ఎర్ర హెచ్చరిక వస్తే 'అడ్వాన్స్‌డ్' ఎక్కడుంటుందో ఇప్పుడాయనకి తెలుసు. కన్నకొడుకే నేర్పాడు.

ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్ళు పంపే పెద్దమనుషుల తీరు వేరే. కొత్త సర్వర్‌కి మొదటిసారి కలిసినప్పుడు అది ఒక వేలిముద్ర చూపిస్తుంది. షా256 అని మొదలై నలభై మూడు అక్షరాలు. ఇది మీ సర్వరేనా, సరిచూసుకుని చెప్పండి అంటుంది. పెళ్ళి సంబంధమొస్తే మేనమామ తోడల్లుడి ఊరిదాకా వెళ్ళి వాకబు చేసే జాతి మనది. ఇక్కడ మాత్రం ముఖం కూడా చూడకుండా తాంబూలాలు మార్చేసుకుంటాం. అలవాటుకొద్దీ ఒక్క 'వై' కొడితే ఎస్‌ఎస్‌హెచ్ ఒప్పుకోదు, 'యస్' అని మూడక్షరాలూ కొట్టమని ఆపుతుంది. కాస్త ఆలోచిస్తాడేమోనని దాని ఆశ. 2019లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి 'యస్' బదులు అసలు వేలిముద్రనే అక్కడ అతికించవచ్చు, సరిపోలిక అదే చూసుకుంటుంది. అలా అతికించిన తెలుగువాణ్ణి నేనింకా చూడలేదు. ఆ ముద్ర మారిపోయిందని తెర నిండా గీతలు గీసి, ఎవరో దుర్మార్గం చేస్తూ ఉండవచ్చని పెద్దక్షరాల్లో అరిచినప్పుడు కూడా, పాత ముద్ర చెరిపేసి మళ్ళీ 'యస్' కొట్టడమే. ఇంకా తెలివైనవాడు అసలు అడగొద్దని సెట్టింగుల్లోనే రాసేస్తాడు.

సింక్‌థింగ్ వాడేవాళ్ళది మరీ చోద్యం. 2013లో వచ్చిన ఈ ఫైళ్ళ సింక్ పనిముట్టులో ప్రతి యంత్రానికీ పొడుగాటి గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది. రెండు వైపులా ఒకరినొకరు ఒప్పుకుంటే తప్ప కనెక్షన్ కుదరదు కాబట్టి అది రహస్యమేమీ కాదని తయారుచేసినవాళ్ళే రాసిపెట్టారు. మనవాళ్ళు ఆ సంఖ్యని మాత్రం తాళిబొట్టంత భద్రంగా దాస్తారు. అదే ప్రోగ్రాము తన సెట్టింగుల పేజీని ఆ కంప్యూటర్లోంచి తప్ప ఎవరికీ కనబడకుండా 127.0.0.1 మీద పెడితే, దాన్ని 0.0.0.0 చేసి, పాస్‌వర్డు లేకుండా ఊరందరికీ తెరుస్తారు. వంటింట్లోంచి ఫోనులో చూసుకోవాలట!

నేను ఆర్‌సింక్ భక్తుణ్ణి. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో దాన్ని విడుదల చేశారు. పెద్ద ఫైల్లో కాస్త మారితే ఆ కాస్తనే పంపించే దాని ఒడుపు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అది నేరుగా 873 పోర్టు మీద నడిస్తే మాటలన్నీ బాహాటంగానే వెళతాయి, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. అందుకే ఎస్‌ఎస్‌హెచ్ చాటున నడుపుతారు. దాని పాస్‌వర్డుల ఫైలు ఇతరులు చదవగలిగేలా ఉందనుకోండి, లోపలికి రానివ్వనే రానివ్వదు. కనెక్షన్ కోసం అన్నిటికీ 777 కొట్టినవాడికి సరిగ్గా అక్కడే చుక్కెదురు. ఆర్‌సింక్ పాడైపోయిందని గ్రూపులో పెడతాడు.

ఈ పనిముట్లు చేసినవాళ్ళెవరూ ఐదు నిమిషాలనలేదు. అడగవలసిన ప్రతిచోటా ఆపి అడిగేలా చేశారు. వాళ్ళు కావాలని పెట్టిన ప్రశ్నలన్నిటికీ మనం 'ఎర్రర్లు' అని పేరుపెట్టి, వాటి నోరు మూయించడాన్ని సెటప్ అంటున్నాం. నా ఏడుపల్లా ఇదే.

దీనికి జవాబుగా తప్పకుండా వచ్చే మాటొకటుంది: "మా అమ్మాయి అన్నప్రాసన ఫొటోలు ఎవడికి కావాలండీ?" ఎవడికీ అక్కర్లేదు. నీకు కావాలి కదా, అదే వాడికి చాలు. 2014 ఆగస్టులో సైనాలజీ డబ్బాల్లోకి దూరినవాళ్ళు ఫైళ్ళకి తాళం వేసి తలా 0.6 బిట్‌కాయిన్ అడిగారు. 2022 జనవరిలో ఇంటర్నెట్‌కి ఎదురుగా తెరిచి పెట్టిన క్యూనాప్ డబ్బాల మీద అలాగే తాళాలేసే డెడ్‌బోల్ట్ పడింది, అడిగింది 0.03 బిట్‌కాయిన్. బేరం తగ్గిందని సంతోషించకండి, ఈలోగా బిట్‌కాయిన్ ధర ఎన్ని రెట్లు పెరిగిందో చూసుకోండి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ యజమానులు నిద్రలేచి చూస్తే ఏళ్ళ తరబడి దాచిన ఫొటోలు లేవు. ఎవరో బయటి నుంచి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశారు. పాస్‌వర్డు అడగాల్సిన వరుసలు ఆ కోడ్‌లో ఉన్నాయి, కాకపోతే కామెంటు పెట్టి నిద్రపుచ్చారు. నా ఆర్‌సింక్ కూడా అతీతం కాదు. 2025 జనవరిలో బయటపడ్డ లోపాలతో, ఊరికే చదువుకోవడానికి అనుమతి ఉన్న అనామకుడు సైతం సర్వర్ మీద తన కోడ్ నడిపించుకోగలిగేవాడు, 3.4.0 వెర్షన్‌తో సరిచేశారు. మెట్ల కింది డబ్బాలో ఏ వెర్షనుందో ఆ ఇంటాయన్ని అడగండి. నీలం దీపం వెలుగుతోందంటాడు.

ఇన్ని కష్టాలు పడి కలిపిన కనెక్షన్‌తో ఏమవుతుందంటే, ఇక్కడ మేనల్లుడు ఆడుతూ ఆడుతూ పెళ్ళి ఫొటోల ఫోల్డరు చెరిపేస్తే, మరుక్షణం తెనాలిలోనూ చెరిగిపోతుంది. రెండు చోట్లా ఒకేలా ఉంచమన్నాం, ఉంచింది. సింక్‌ని బ్యాకప్ అనుకోవడం మీద వేరే వ్యాసమే రాయాలి. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో టెక్సాస్ చీకట్లో వణికినప్పుడు, 'మన ఇంట్లోనే భద్రం' అన్న సర్వర్లు ఇంటివాళ్ళతో పాటే చల్లబడ్డాయన్నది మాత్రం గుర్తుచేస్తాను.

ఇంతకీ ఏం చెయ్యమంటావని అడుగుతారు. నెలకి రెండు డాలర్లు ఎవరికో పడేసి నిద్రపోవడం సిగ్గుచేటేమీ కాదు. సొంతమే కావాలంటే సింక్ పోర్టుని బయటికి చూపించకండి. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకుని, దాని లోపల్నుంచే క్లయింటుని రానివ్వండి. వేలిముద్ర ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సర్వర్ పక్కన నిలబడి చదివి పోల్చుకోండి. ఇదంతా ఒక ఆదివారం పని, నిజంగా. "ఆదివారమంతానా?" అని నోరు వెళ్ళబెట్టేవాడే, క్రికెట్ లీగు మ్యాచికని ఎండలో తొమ్మిది గంటలు నిలబడతాడు.

తెనాలి తండ్రిగారైతే సర్వర్ మీద ఆశ వదులుకున్నారు. మనవరాలి ఓణీల ఫంక్షన్ వీడియో పెన్‌డ్రైవ్‌లో వేయించి, డల్లాస్ వస్తున్న పక్కింటావిడ చేతికిచ్చారు. అబ్బాయి దాన్ని తీసుకెళ్ళి ఆఫీసు లాప్‌టాప్‌కి గుచ్చాడు. బయటి పెన్‌డ్రైవులు నిషిద్ధం, వివరాలు సెక్యూరిటీ విభాగానికి పంపించామని తెర మీదికొచ్చింది. ఆ నిషేధం స్లైడు వేసింది తనేనన్న సంగతి పక్కన పెట్టి, వెంటనే ఫోన్ చేశాడు.

"నాన్నా, మీ పెన్‌డ్రైవ్‌లో ఏదో ఎర్రర్ వస్తోంది."