పంతులుగారి చేపలు

తెనాలి రామకృష్ణుడంటే మా అమ్మకి చిన్నప్పటినుంచీ కోపం. రాయలవారు పిల్లినీ, దానికి పాలు పట్టమని ఆవునీ ఇస్తే, కాగే పాలు పెట్టి మూతి కాల్చాడు కదా అని. పశువుల డాక్టరుగారు చెప్పాక తెలిసింది, ఆయన చేసిన దాంట్లో సగం వైద్యమేనని. ఆవుపాలూ గేదెపాలూ చాలా పిల్లులకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. మూతి కాల్చిన పాపం మాత్రం ఇప్పటికీ రామకృష్ణుడి ఖాతాలోనే ఉంచింది అమ్మ.

మా ఇంటికి ఈ విద్యలన్నీ తెచ్చింది మా ఆవిడ. నిరుడు గోదావరికి వరదొచ్చిన రోజుల్లో కూరల సంచీ తెచ్చి వంటింటి గట్టుమీద పెడితే, బెండకాయల మధ్య ఏదో కదిలింది. ఎర్రటి బొచ్చు, ఉబ్బిన పొట్ట, పుసులతో అతుక్కుపోయిన కళ్ళు. నోరు తెరుస్తోంది గానీ అరుపు రావడం లేదు. రాజమండ్రిలో మా వీధి వీధంతా వచ్చి చూసి ఒకటే మాట అంది: “ఇది గోవిందా అండీ!”

అలా గోవిందు అయ్యాడు. పిల్లి గడప తొక్కడానికి వీల్లేదన్న అమ్మ ఆ పేరు దగ్గర మెత్తబడింది. అజామిళుడు కొడుకుని పిలిచే తరించాడు కదా, రోజుకి పదిసార్లు గోవిందా అంటే పోయేదేముంది?

పశువుల ఆసుపత్రిలో మాకు ముందు ముర్రా గేదె, వెనక మేకలు. చీటీ రాసే ఆయన తలెత్తకుండా “ఎన్నో ఈత?” అన్నాడు. నేను సంచీ తెరిచి చూపించాను. ఆయన గేదెవైపు చూసి, సంచీలోకి చూసి, ఆ గడిలో ఓ అడ్డగీత గీశాడు.

డాక్టరుగారు మాత్రం ఓపిగ్గా చూశారు. జలుబు, కంటి జబ్బు, కడుపునిండా ఏలికపాములు. వయసు మూడు వారాలుండొచ్చు. ముందు ఒళ్ళు వెచ్చబడాలి, తర్వాతే పాలు. చల్లబడ్డ కూనకి ఏం పట్టినా అరగదు. అవి కూడా పిల్లికూనల కోసం అమ్మే డబ్బా పాలు, సూది తీసేసిన సిరంజితో. బోర్లా ఉంచి పట్టాలి, వెల్లకిలా వేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ ఆఖరి మాట అమ్మకి తగిలింది. “ఉగ్గుగిన్నెతో వెల్లకిలా వేసే కదరా నిన్ను పెంచాను, నీకేమైంది?” అంది. మా ఆవిడ జవాబు చెప్పబోయి మానుకుంది.

ఇంకో సంగతి డాక్టరుగారు గొంతు తగ్గించి చెప్పారు. ఆ వయసు కూన తనంతట తాను ఒంటికి పోసుకోలేదు, తల్లి నాకితేనే అవుతుంది. తల్లి లేదు కనక గోరువెచ్చని నీళ్ళలో తడిపిన దూదితో తుడవాలి. ఆ పని నాకు పడింది. బ్యాంకులో మేనేజరుగా రిటైరైనవాణ్ణి. ఇచ్చిన అప్పుల వసూలు కోసం కూడా అంత ఆత్రంగా కాచుక్కూర్చోలేదు.

సలహాలకు కరువా! పక్కింటాయన చిన్నపిల్లల పారాసెటమాల్ చుక్కలు తెచ్చాడు. ఫోన్లో ఆ మాట చెప్పగానే డాక్టరుగారు కేక పెట్టారు. పిల్లి కాలేయానికి ఆ మందు విరిచే శక్తి లేదు, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి కూడా విషమేనన్నప్పుడు మాత్రం అమ్మ మొహం వెలిగిపోయింది. “చూశావా, ఎంత ఆచారమో!”

రోజూ తూకం చూడాలన్నారు. ఇంట్లో త్రాసు లేదు. కిరాణా కొట్టాయన ఎలక్ట్రానిక్ కాటామీద గోవిందుని పెట్టి, కందిపప్పు తూచిన గొంతుతోనే “రెండొందల పది గ్రాములండి. ఇంకేం కావాలండి?” అనేవాడు. తూకం పెరిగిన రోజు బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు, నాకు.

ఓ అర్ధరాత్రి లేచి చూస్తే వరండాలో అమ్మ. గోవిందుని ఒళ్ళో బోర్లా పెట్టుకుని సిరంజి నొక్కుతోంది. నన్ను చూసి “నిద్ర పట్టక” అంది.

బతికాడు. కళ్ళు తేటబడ్డాయి, అరుపొచ్చింది, ఆకలొచ్చింది, దాంతో మా కష్టాలూ వచ్చాయి. అమ్మ చక్కెరపొంగలి పెడితే వాసన చూసి వెళ్ళిపోయాడు. పిల్లులకు తీపి తెలియదు, ఆ రుచి పట్టే జన్యువు వాటిలో పనిచెయ్యదు. “ఏ జన్మలో ఎవరి బూరెలు ఎత్తుకుపోయాడో” అంది అమ్మ. పెరుగన్నంతో నెట్టుకొద్దామంటే డాక్టరుగారు ఒప్పుకోలేదు. మాంసంలో దొరికే టారిన్ అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది.

కోడిగుడ్డు పెంకు కూడా ఎరగని ఇల్లు మాది. ధర్మసందేహం అమ్మ ముందు పెట్టాం. ధర్మవ్యాధుడు మాంసం అమ్ముతూనే కౌశికుడికి ధర్మం చెప్పాడనీ, వాడి ధర్మం వాడిదనీ తీర్పిచ్చింది. వంటింట్లో మాత్రం కాదు. పెరట్లో వేరే పొయ్యి, వేరే గిన్నె. చేపలు ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి ముళ్ళు తియ్యడం నా వంతు. దూది పట్టిన చెయ్యి దేనికైనా పనికొస్తుందని మా ఆవిడ ఉద్దేశం.

ఇంత చేసినవాణ్ణి నేనైతే, వాడి భక్తంతా అమ్మమీద. ఆవిడ దేవుడి గదిలో ఉన్నంతసేపూ గడప బయట కూర్చుంటాడు. మడిచీరతో బయటికి అడుగు పెట్టగానే చెంపలు కాళ్ళకి రాస్తాడు. పిల్లి చెంపల్లో వాసన గ్రంథులుంటాయి, రాసిందంతా తనదని గుర్తు పెట్టుకోవడమే అది. అంటే అమ్మ వాడి పేర రోజూ రిజిస్ట్రేషన్ అవుతోందన్నమాట. ఆవిడ తిట్టుకుంటూ మళ్ళీ స్నానానికి వెళ్తుంది. వాడు బాత్‌రూమ్ తలుపు దగ్గర కాపలా కాస్తాడు. మళ్ళీ రాస్తాడు. బల్లిని పట్టిన రోజు తెచ్చి ఆవిడ పీటమీదే సమర్పించాడు. నాకు తోక కూడా రాలేదు.

చేపలమ్మిని పెరటి గుమ్మానికే రమ్మని బతిమాలుకున్నాం. ఆవిడకి దాపరికం తెలియదు. వీధి మొగలోంచే “పంతులుగారండీ! మీ చేపలండీ!” అని కేక. ఎదురింటాయన చదువుతున్న పేపరు దించాడు. “పిల్లికండీ” అని మా ఆవిడ అరిచింది గానీ, ఆ మాట నమ్మిన మొహం వీధిలో ఒక్కటీ కనిపించలేదు. ఆ సాయంత్రం గుళ్ళో నాకు తీర్థం పోసే చెయ్యి కాస్త తటపటాయించింది.

మళ్ళీ వరదలొచ్చాయి, వాటికి ఎదురీదుతూ సముద్రంలోంచి పులసలొచ్చాయి. పుస్తెలమ్మి అయినా తినాలని గోదారోళ్ళు చెప్పుకునే చేప. చేపలమ్మి బుట్ట దించి పరాచికంగా, “మామ్మగారండీ, గోవిందుగారికి పులస తెమ్మంటారా?” అంది.

అమ్మ విష్ణుసహస్రనామం మధ్యలో ఆపింది.

“ఎంతేమిటి?”